జల్లెడ మీద మిగిలినది

ప్రియమైన అత్తకి,

నీ బుడంకాయ్‌ని, గని దగ్గరికి క్షేమంగా చేరాను. రైల్లో కిటికీ పక్కనే చోటు దొరికింది. నువ్వు మడతపెట్టి ఇచ్చిన దుప్పటి మాత్రం పోయింది. ఎదురు సీట్లో పెద్దాయన చలికి వణుకుతుంటే కప్పుకోమని ఇచ్చాను. ఆయన హాయిగా గురక పెట్టి నిద్రపోయాడు, ఇంతలో నా స్టేషను వచ్చేసింది. లేపి అడగడానికి మనసొప్పలేదు. తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టేసుకో, ఉత్తరంలో మాత్రం మంచి మాటలు రాయి.

ల్యాబు అంటే ఇక్కడ రేకుల షెడ్డు. ఉన్నది ఒకటే కిటికీ. అందులోంచి చూస్తే గని నోరు, పట్టాల మీద వచ్చే తొట్లు, వాటిని బోర్లించే రాళ్ల దిబ్బ కనిపిస్తాయి. పైపొరల్లోంచి తీసిన రాయి ఆకుపచ్చగా ఉంటుంది, లోతులోది పసుప్పచ్చగా తళతళలాడుతుంది. చిన్నప్పుడు నేను ఆ మెరిసే రాయిని బంగారమనుకుని జేబులో దాచుకున్నాను, గుర్తుందా? "బంగారానికి ఎవరి తోడూ అక్కర్లేదే పిచ్చిమొహమా, అది మట్టిలోనైనా ఒంటరిగానే బతుకుతుంది. ఇది రాగి. గంధకాన్ని వాటేసుకుని కూర్చుంటుంది. ఆ ఇద్దరినీ విడదీయడానికే ఇంత పెద్ద ఫ్యాక్టరీ" అన్నావు. నిన్న అలాంటి రాయి చేతిలోకి తీసుకోగానే నీ గొంతే వినపడింది. ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

రాయిని పిండి చేసే మిల్లు పాడైపోయింది. మోటారు కాలిపోయి నేను రాకముందు నుంచీ మూల పడి ఉందట. బాగుచేసే మనిషి "ఇదిగో వస్తున్నా, అదిగో వస్తున్నా" అంటున్నాడట. అందాకా ఇనప రోట్లో వేసి దంచుకోవడమే. అరచేతులు బొబ్బలెక్కాయి. తూకం మాత్రం నిక్కచ్చిగా ఉంది. ఆ ఒక్కటీ బాగుంటే చాలు, మిగతావి నేను సర్దుకుంటాను.

మేనేజరు గారు మంచివారే కానీ నోరు ఊరుకోదు. చేరిన రోజే "మన రాయి కొనే ఫ్యాక్టరీ ల్యాబులో ఉన్నది మీ అత్తగారట కదా!" అన్నారు. "అత్తగారు కాదండీ, మేనత్త. నన్ను పెంచింది" అన్నాను. "ఏ అత్తయినా అత్తే" అని, నాకేమీ తెలియనట్టు పాఠం మొదలుపెట్టారు. "చూడమ్మా, ప్రతి లోడులోంచి మూడు పొట్లాలు తీసి లక్కముద్ర వేస్తాం. ఒకటి నీకు, ఒకటి మీ అత్తకి. మూడోది దాచిపెడతాం. రాయిలో రాగి ఎంతుందో మీరిద్దరూ ఎవరికి వారు తేల్చి కవర్లో పెట్టి పంపాలి. రెండు కవర్లూ ఒకే రోజు విప్పుతాం. అంకెలు కలిస్తే సరే. కలవకపోతే మూడో పొట్లం మధ్యవర్తి ల్యాబుకి పోతుంది. అందుకని కవరు విప్పేలోగా మీ ఇద్దరూ గుసగుసలాడుకోకూడదు." నేను నీ బల్ల కింద కూర్చుని లక్క కరగడం చూస్తూ పెరిగానని ఆయనకేం తెలుసు!

ఇంతవరకు రెండు లోడ్లు వెళ్లాయి. రెండూ నీ అంకెతో కలిశాయి. ఆ కవరు విప్పిన రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు, సంతోషంతో.

నీ
బుడంకాయ్


బుడంకాయ్,

తిట్టొద్దంటే తిట్టకుండా ఉండే రకాన్నా నేను? దుప్పటి పోతే పోయింది, ఆ పెద్దాయన వెచ్చగా ఉంటాడు. కానీ నువ్వేం కప్పుకుంటున్నావో రాయలేదు. అంటే ఏమీ లేదన్నమాట. ఈ ఉత్తరంతో పాటు ఇంకోటి పార్సిలు చేశాను. ఇది కూడా దానం చేశావంటే నేనే రైలెక్కి వస్తాను.

ముందు ఒక మాట. మనిద్దరం ఉత్తరాల్లో ఏమైనా రాసుకోవచ్చు. నా మోకాళ్ల నొప్పి రాస్తాను, నీ మేనేజరు గారి నోటి గురించి నువ్వు రాయి. అంకె మాత్రం రాయకూడదు. కవరు విప్పకముందు ఒక్క అంకె కనిపించినా ఆ ఉత్తరం చింపి పొయ్యిలో పెడతాను, అందులో నీ ముద్దుముచ్చట్లు ఎన్ని ఉన్నా సరే. అత్తా కోడళ్లు కూడబలుక్కున్నారనే మాట మన ఇంటి మీద పడకూడదు.

మా ల్యాబుకి ఎట్టకేలకు కొత్త మిల్లు వచ్చింది. ఉక్కు గుండ్లు దొర్లి దొర్లి రాయిని పిండి చేసేస్తాయి. నేను పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగడమే. గుండ్లు అరిగి కాస్త ఇనప పొట్టు రాలుతుంది, అది జల్లెడ మీద మిగిలిపోతుంది. నువ్వు వదిలేసి పోయిన బ్రష్షుతోనే దాన్ని దులిపి డబ్బాలో పోస్తున్నాను. దులిపినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. స్టూలెక్కి, నాలుక బయటపెట్టి, లోకంలో అంతకంటే పెద్ద పని లేనట్టు దులిపేదానివి.

ఈ ఏడాదితో నా ఉద్యోగం అయిపోతుంది. సభ పెడతారట, మాట్లాడమంటున్నారు. నా చేతిలో పిప్పెట్ ఉంటే మాట వస్తుంది, మైకు ఉంటే రాదు. మా సూపర్‌వైజరు "ఇన్నేళ్లలో ఒక్క అంకె తప్పు పోలేదు మేడమ్ గారిది" అని అందరికీ చెప్పుకుంటున్నాడు. నాకూ వినడానికి బాగానే ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

చేతులకి వెన్న రాసుకో. బొబ్బలు చితక్కొట్టుకోకు.

నీ అత్త


ప్రియమైన అత్తకి,

దుప్పటి అందింది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఉత్తరం ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. ఏం రాయాలో తెలియక రాయలేదు.

నీకూ తెలిసే ఉంటుంది. మొన్న విప్పిన కవర్లు కలవలేదు. దానికి ముందువీ కలవలేదు. రెండుసార్లూ నా అంకే ఎక్కువ. విప్పేశారు కాబట్టి ఇది రాయొచ్చు కదా అత్తా? చింపెయ్యకు.

మొదటిసారి నేనే ఎక్కడో పొరపాటు చేశాననుకున్నాను. పొట్లంలో మిగిలింది తీసి మళ్లీ చేశాను. యాసిడ్ మార్చాను, తూకం రాళ్లు సరిచూశాను, గాజు సామానంతా కడిగాను. రాయి కరిగి నీలంగా మారిన నీళ్లలో కరెంటు పెట్టి, ప్లాటినం తీగల వల మీద రాగి పట్టించి, ఆరబెట్టి తూచాను. అంతే వచ్చింది. ఇంకోసారి చేస్తే కూడా అదే వచ్చింది.

మేనేజరు గారు ఇదివరకు మనం కూడబలుక్కుంటామేమోనని అనుమానించారు. ఇప్పుడు నాకు పని రాదని అనుమానిస్తున్నారు. ఆయన బాధ ఆయనది. ఈ రాయి కొత్త సొరంగంలోది. అందులో రాగి బాగా ఉందని నేను చెప్పబట్టే ఇంకా లోపలికి తవ్వుతున్నారు. నీ అంకె నిజమైతే ఆ సొరంగం ఖర్చుకి కూడా చాలదు, మూసేస్తారు. అందులో దిగేవాళ్లు రోజూ పొద్దున్నే నా కిటికీ ముందు నుంచే వెళ్తారు. "ఏమ్మా, రాయి బాగుందా?" అని అడుగుతారు. బాగుందనే చెప్పాను. ఇప్పుడు వాళ్ల మొహం చూడలేక కిటికీ మూసుకుంటున్నాను.

మూడో పొట్లం మధ్యవర్తికి పంపుతున్నారు. "అక్కడ కూడా మనది తప్పని తేలితే వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుందమ్మా" అన్నారు మేనేజరు గారు. కసురుకుంటే బాగుండేది, మెల్లగా అన్నారు.

అత్తా, నిజం చెప్తున్నాను. నీ అంకె తప్పు కాదు. నా కళ్లతో చూశాను, నీ చేతిలో తప్పు జరగదు. అందుకే ఒక ఆలోచన వచ్చింది. ఇంకో లోడు కవరు ఇంకా అంటించలేదు. నాకు వచ్చినదాన్ని కొంచెం తగ్గించి రాస్తే నీదానికి దగ్గరగా వస్తుంది, గొడవ సద్దుమణుగుతుంది. నేను ఎలాగూ ఎక్కడో ఎక్కువే చూస్తున్నాను కదా. ఏమంటావు?

మిల్లు ఇంకా బాగుపడలేదు. ఈ రాయి కూడా నా మీద పగబట్టింది. దంచితే నలగదు, సాగుతుంది.

నీ
బుడంకాయ్


ఏమే,

ఏమంటావని అడుగుతున్నావా? నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నీకు తెలుసు.

నా అంకె చూసి నీ అంకె దిద్దుకుంటావా? అలాగైతే రెండు ల్యాబులెందుకు, రెండు కవర్లెందుకు, అంత లక్క తగలేయడమెందుకు? తూకం ఏం చెప్పిందో అది రాయడం నీ పని. అత్త ఏం చెప్పిందో అది రాయడం చిలక పని. నేను చిలకని పెంచలేదు.

అత్త తప్పు చెయ్యదట! నీకెవరు చెప్పారు? నేను దేవతనా? అలాగని నేను నాది మార్చుకుంటానని అనుకోకు. నేను కూడా మళ్లీ చేశాను, నాకూ అదే వచ్చింది. నా తూకం మీద నాకు నమ్మకం ఉంది. నీ తూకం మీద నీకుండాలి. మనలో ఎవరో ఒకరం ఓడిపోతాం. అది తేల్చాల్సింది మూడో పొట్లం, మన మొహమాటం కాదు.

ఓడిపోయేది నువ్వే అయితే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చెయ్. నీ మంచం కిటికీ పక్కనే ఉంది. దుప్పటి లేదు, తెచ్చుకో. నెల తిరిగేలోగా ఇంకో పని వెతుకుదాం. ఆ కవర్లో మాత్రం నీ తూకం చెప్పిందే పెట్టి అంటించు.

కిటికీ తెరు. వాళ్లు అడిగితే "నేను చూసినంతలో బాగుంది, పైవాళ్లు తేల్చాలి" అని చెప్పు. అది నిజమే కదా.

మధ్యవర్తి జవాబు వచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు. నేనూ రాయను. నీ మాటలు చదివితే నాకు మెత్తబడాలనిపిస్తోంది, అది మంచిది కాదు.

నీ అత్త

వెన్న రాసుకుంటున్నావా?


ప్రియమైన అత్తకి,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. అంకె ఒక్కటీ లేదు కాబట్టి పొయ్యిలో పెట్టకు.

కవరు అంటించేశాను. నా తూకం చెప్పిందే పెట్టాను. అంటించాక ప్రాణం తేలికపడింది. కిటికీ కూడా తెరిచాను. నువ్వు చెప్పమన్న మాటే చెప్తే ఒకాయన "పైవాళ్లకేం తెలుసమ్మా, రాయి పట్టుకునేది మేము, నువ్వూ" అని నవ్వుకుంటూ దిగిపోయాడు.

ఇక్కడ నా పని ఇంకెన్నాళ్లో తెలియదు. ఉండగానే నీకు చెప్పాల్సినవి చెప్పేస్తాను. ఇంటికొచ్చాక ఎదురుగా చెప్పబోతే "చాల్లే, అంట్లు తోము" అంటావు.

అమ్మా నాన్నా పోయాక నన్ను నీ ల్యాబుకి వెంటబెట్టుకు తీసుకెళ్లావు. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే ఏడుస్తానని. మీ పెద్ద సారు పిల్లలు రాకూడదంటే "పిల్ల కాదండీ, నా అసిస్టెంటు" అన్నావు. ఒక రోజు కొలిమి దగ్గరికి కూడా ఎత్తుకుని తీసుకెళ్లావు. గంధకం ఘాటుకి నేను దగ్గుతుంటే నీ కొంగు ముక్కుకి అడ్డంపెట్టి, ఇసక వేస్తే రాయిలోని ఇనుమంతా దాంతో కలిసి చిట్టెమై పైకి తేలడం, అడుగున రాగి నిలబడటం చూపించావు. ఆ ఎరుపు నాకింకా కళ్లలో ఉంది. అమ్మ పోయాక నేను మొదటిసారి నోరు తెరిచి మాట్లాడింది అక్కడేనని నువ్వే చెప్పావు. "అత్తా, ఇంకోసారి చూద్దాం" అన్నానట.

ఈ పని నాకు అన్నం పెడుతోంది. దానికంటే ముందు నన్ను బతికించింది. నువ్వు నేర్పిన ఒక్కొక్కటీ ఇక్కడ పనికొస్తోంది. తూచేటప్పుడు ఊపిరి బిగబట్టమన్నావు. కడిగిన నీళ్లు పారబోయొద్దన్నావు. జల్లెడ దులపబోతుంటే ఒకసారి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "చెత్తో చెదారమో, ఏదైనా తూచాకే పారెయ్" అన్నావు. ఈ కొత్త సొరంగం రాయికి అదే నన్ను కాపాడుతోంది. ఎంత దంచినా కొన్ని పలుకులు రేకుల్లా సాగి జల్లెడ మీదే ఉండిపోతున్నాయి, కిందికి దిగవు. విసుగొచ్చి పారేద్దామనుకున్న ప్రతిసారీ నీ చెయ్యి నా చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. అందుకని వాటిని విడిగా తూచి, విడిగా కరిగించి, లెక్కలో కలుపుతున్నాను. నువ్వు నేర్పకపోతే అవన్నీ చెత్తలో పోసేదాన్ని.

గెలిచినా ఓడినా నేను నీ చేతి పనిని. థాంక్స్ అత్తా. మన ఇంట్లో ఈ మాట అనుకోం కదా, అందుకే ఉత్తరంలో రాశాను.

నీ
బుడంకాయ్


నా బంగారుతల్లికి,

నా మాట విననందుకు నిన్ను తిట్టాలి. నువ్వు విని, రాయకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

నీ ఉత్తరం ల్యాబులో మధ్యాహ్నం భోజనం చేస్తూ చదివాను. కొలిమి దగ్గరికి వచ్చేసరికే కళ్లల్లో నీళ్లు. జల్లెడ మాట దగ్గరికి వచ్చేసరికి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. నువ్వు నాకు థాంక్స్ చెబుతున్నావు. నేనేమో ఎదురుగా ఉన్న డబ్బా వంక చూస్తున్నాను.

చెయ్యి కడుక్కుని డబ్బా బయటికి లాగాను. కొత్త మిల్లు వచ్చినప్పటి నుంచీ జల్లెడ మీద మిగిలిందంతా అందులోనే పోస్తున్నాను. గుండ్ల పొట్టే కదా అని. తూచలేదు సరే, సరిగ్గా చూడను కూడా లేదు. బల్ల మీద కాగితం పరిచి గుమ్మరించాను. అంతా ఒకేలా ఉంది, నల్లగా, మసిగా. అయస్కాంతం పెట్టాను. ఇనుమంతా లేచొచ్చింది. కొన్ని రేకులు మాత్రం కాగితం మీద అలాగే పడి ఉన్నాయి. వాటి మీద ఒక చుక్క యాసిడ్ వేశాను.

ఎర్రగా బయటపడింది. రాగి!

రాయి కాదు, గంధకంతో కలిసింది కాదు. ఉత్త రాగి. నీ కొత్త సొరంగంలో రాగి రాగిగానే ఉందే! ఆకుపచ్చ పొరకీ పసుప్పచ్చ పొరకీ మధ్య అక్కడక్కడా అలా దొరుకుతుందని చదువుకున్నాను. ఇన్నేళ్లలో నా చేతికి ఎప్పుడూ రాలేదు. లోహం కదా, మిల్లులో వేస్తే పిండి అవుతుందా? రేకులా సాగుతుంది. జల్లెడ దిగదు. "దంచితే నలగదు, సాగుతుంది" అని నువ్వు ముందే రాశావు. నేనేమో నిన్ను తిట్టే హడావిడిలో ఆ ముక్క చదివి వదిలేశాను. నీ రాయిలో ఉన్న రాగిని నా చేత్తోనే దులిపి పారబోసి, మిగిలినదాంట్లో రాగి తక్కువుందని సంతకం పెట్టాను.

లేచి సూపర్‌వైజరు గదికి వెళ్లాను. "నా అంకెలు తప్పు. గని వాళ్లవే కరెక్టు" అన్నాను. అతను బిత్తరపోయి, "మధ్యవర్తి కవరు రేపో మాపో వస్తుంది కదా మేడమ్, అందాకా ఆగకూడదా? ఏమో, మనవే కరెక్టని రావచ్చు" అన్నాడు. పాపం, నా మీద అభిమానంతోనే అన్నాడు. "అది వచ్చాక చెబితే ఒప్పుకోవడం అవదు బాబూ, పట్టుబడటం అవుతుంది" అన్నాను. డబ్బా అతని బల్ల మీద పెట్టాను. నీ ఉత్తరం గురించి కూడా చెప్పాను. కవరు అంటించాకే రాసింది, అంకె ఒక్కటీ లేదు, కావాలంటే చదువుకోండి అన్నాను. చదివాడు. చదివి, ముక్కు తుడుచుకుని, "ఇది రికార్డులో పెట్టొద్దు మేడమ్, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు.

మధ్యవర్తి కవరు ఇవాళ విప్పారు. నీ అంకే, బుడంకాయ్. మీ మేనేజరు గారికి ఈపాటికి కబురు అందే ఉంటుంది. సొరంగం మూయరు. రేపు పొద్దున్న కిటికీ బార్లా తెరిచి నిలబడు.

సభలో ఇక ఏం మాట్లాడాలో నాకు తెలిసిపోయింది. ఒక్క తప్పూ లేని మనిషినని వాళ్లు చెప్పాక, నేను లేచి ఈ డబ్బా సంగతి చెబుతాను. పరువు పోతుందేమోనని ఒక పూట బెంగగా ఉన్న మాట నిజం. కానీ నువ్వు నీ అంకె దిద్దుకుని ఉంటే? మన కవర్లు చక్కగా కలిసిపోయేవి. అందరూ భేష్ అనేవారు. సొరంగం మూతపడేది. నేను దండ వేయించుకుని, తప్పు చేశానని కూడా తెలియకుండా ఇంటికి పోయేదాన్ని. నన్ను నమ్మి కూడా నా అంకెకి లొంగనందుకు, నువ్వు కాదు, నేను చెప్పాలే థాంక్స్. చెబుతున్నాను. మన ఇంట్లో ఈ మాట అనుకోం కాబట్టి ఉత్తరంలోనే.

కాగితం మడతలో ఒక రేకు అంటించాను చూడు. జాగ్రత్తగా విప్పు, పారేసుకుంటావు. దానికి కొలిమి ఎలా ఉంటుందో తెలియదు. గంధకం విడదీయలేదు, ఇసక వేయలేదు, కరెంటు పెట్టలేదు. భూమిలోనే అలా ఉంది.

నిన్ను తెచ్చుకున్నప్పటి నుంచీ అందరూ నాతో ఒకటే మాట: "రాయిలాంటి పిల్లని మనిషిని చేశావు." నేను కూడా మురిసిపోయి, నిజమే కాబోలు అనుకున్నాను. నువ్వు సైతం "నీ చేతి పనిని" అని రాశావు. కాదే తల్లీ. వచ్చిన రోజు నువ్వు మాట్లాడలేదు కానీ, నేను అలిసిపోయి పడుకుంటే నీ దుప్పటి తెచ్చి నాకు కప్పావు. ఆ చెయ్యే రైల్లో పెద్దాయనకి దుప్పటి ఇచ్చింది. ఆ చెయ్యే కవర్లో నిజం పెట్టింది. అందులో నా కొలిమి పని ఏముంది? నువ్వు వచ్చిందే అలా వచ్చావు. నేను దుమ్ము దులిపాను, అంతే. అదృష్టం కొద్దీ ఆ రోజుల్లో పారేసే ముందు తూచే అలవాటు నాకింకా ఉండేది.

కొత్త లోడు పొట్లం బల్ల మీద ఉంది. ఇవాళ మిల్లు వేయలేదు. పాత రోలు కడిగి తీశాను. మోకాళ్లు తిడుతున్నాయి, తిట్టనీ. దంచి, జల్లించి, మిగిలింది తూచి, నా కవరు నేను అంటిస్తాను. నీది నువ్వు అంటించు. అంకె మాత్రం రాయకు.

నీ దగ్గర నేర్చుకుంటున్న
అత్త